ఒకే రేవు, ఏడాదంతా వేరే వెలుగు: గోదావరి డెల్టా ఫొటోల్లో రంగులు ఎందుకు మారతాయి?

చలికాలం రాగానే కోనసీమ ఫొటోలు ఫోన్ల నిండా తిరుగుతాయి. మంచు తెర వెనక నిలబడ్డ కొబ్బరి చెట్లు, రాగి రేకులా మెరిసే నీటి మీద నల్లని నావ, అంతర్వేది దగ్గర వశిష్ట పాయ సముద్రంలో కలిసే చోట కుంకుమ రంగు ఆకాశం. వాటిని చూసి మురిసిపోయి, పిల్లలకు సెలవులు దొరికిన మే నెలలో బయలుదేరి వచ్చినవారికి అదే రేవులో పాలిపోయిన ఆకాశమూ, కళ్లు చికిలించుకోవలసినంత తెల్లగా మెరిసే నీరూ ఎదురవుతాయి. "ఇదంతా ఎడిటింగే" అని వారు తేల్చేస్తారు. ఫొటో తీసిన మనిషి "నేను రంగు ముట్టుకోలేదు" అంటాడు. చాలాసార్లు ఇద్దరూ తాము చూసినంత మేరకు నిజమే చెబుతుంటారు.

ఈ వాదన తెగకపోవడానికి కారణం, మూడు వేర్వేరు విషయాలు ఒకే మాట కింద కలిసిపోవడం. ఆ రోజున, ఆ గడియలో ప్రకృతి ఇచ్చిన వెలుతురు మొదటిది. ఆ వెలుతురును కెమెరా గానీ ఫోను గానీ అంకెలుగా మార్చుకున్న పద్ధతి రెండోది. ఆ తరువాత మనిషి చేతితో జరిగిన దిద్దుబాటు మూడోది. డెల్టాలో మొదటిదాని ప్రభావం ఎంత పెద్దదో తెలియక, దాని మార్పులన్నీ మనం మూడోదాని ఖాతాలో రాసేస్తుంటాం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వెలుతురుకే ఇస్తున్నాను.

పొద్దు పొడిచే చోటు ఎంత జరుగుతుంది

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న మాట ఏడాదిలో రెండు రోజులకే, మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాలకే, కచ్చితంగా సరిపోతుంది. గోదావరి డెల్టా దాదాపు 16.3 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. ఈ అక్షాంశంలో జూన్ 21న సూర్యుడు నిక్కమైన తూర్పుకు సుమారు 24.5 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు 21న అంతే దూరం దక్షిణంగా పొడుస్తాడు. రెండు కొసల మధ్య దూరం 49 డిగ్రీలు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు కంటికి సుమారు 10 డిగ్రీలుగా కనిపిస్తుంది కాబట్టి, దిగంతం మీద పొద్దు పొడిచే చోటు ఆరు నెలల్లో ఐదు పిడికిళ్ల దూరం జరుగుతుందన్నమాట.

ఈ జరుగుడు ఏడాదంతా ఒకే వేగంతో సాగదు. సంక్రాంతినాడు సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడని మనం పండుగ చేసుకుంటాం గానీ, ఆకాశంలో మలుపు డిసెంబరు 21, 22 తేదీల్లోనే జరిగిపోతుంది. అయినా సంక్రాంతి నాటికి పొద్దు పొడిచే చోటు రెండు డిగ్రీలకు కాస్త మించి మాత్రమే కదులుతుంది. అదే మార్చి మూడో వారంలోనైతే అన్నే రోజుల్లో తొమ్మిది డిగ్రీలకు పైగా జరుగుతుంది. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. అంటే మార్చిలో పొద్దు పొడిచే చోటు రోజుకు దాదాపు ఒక బింబమంత పక్కకు తప్పుకుంటుంది. నిన్న దీపస్తంభం వెనక సరిగ్గా కుదిరిన సూర్యుడు ఇవాళ దాని పక్కన ఉంటాడు. డిసెంబరు చివరిలోనైతే అదే కూర్పు వారం రోజులు అలాగే నిలిచి ఉంటుంది.

దీనికి తీరరేఖ వాలును జోడిస్తే అసలు చిక్కు విడిపోతుంది. కాకినాడ నుంచి ఉప్పాడ వైపు సాగే ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా సూర్యోదయం సముద్రం మీదే. అంతర్వేది నుంచి ఓడలరేవు వైపు సాగే ఒడ్డు తీరు వేరు. అది పడమర నుంచి తూర్పుకు, కాస్త ఉత్తరానికి ఒరిగి పోతుంది కనుక సముద్రం ప్రధానంగా దక్షిణాన ఉంటుంది. అక్కడ జూన్‌లో సూర్యుడు దాదాపు తీరరేఖ వెంబడి, చెట్ల అంచున పొడిచి, సాయంత్రం పూర్తిగా నేల వైపు గుంకుతాడు. డిసెంబరులో మాత్రం ఉదయం నీటి మీద పొడిచి, సాయంత్రం మళ్లీ నైరుతి మూలన, వశిష్ట మొగ వైపు, దాదాపు నీటి అంచునే దిగుతాడు. ఒకే ఒడ్డున నిలబడి రెండు సంధ్యలనూ నీటి మీద చూడగలగడం చలికాలపు భాగ్యం. జూన్‌లో వెళ్లినవారికి ఆ సాయంత్రపు ఫొటో అబద్ధంలా తోచడంలో వింత లేదు. వారు వెళ్లిన నెలలో సూర్యుడు ఆ చోటికి రానే రాడు.

మధ్యాహ్నపు ఎండలో ఇంకో మెలిక ఉంది. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న మనకు సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. డెల్టాలో అది మే మొదటి వారం దాటే వేళ ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఈ రెండింటి మధ్య, రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తెతో సహా, మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి ఉత్తరం పక్కన ఉంటాడు. నీడలు దక్షిణానికి, అదీ జానెడే పడతాయి. కొబ్బరి చెట్టు నీడ దాని మొదట్లోనే చుట్ట చుట్టుకుని ఉంటుంది. నీడ లేని చోట ఎత్తుపల్లాలు తెలియవు. ఇసుక తిన్నె ఫొటోలో పరచిన గుడ్డలా కనిపిస్తుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించడు కాబట్టి నడిమధ్యాహ్నం కూడా ఇసుక ముడతలకు కొంత నీడ మిగులుతుంది.

బంగారు గంట ఇక్కడ గంట కాదు

ఫొటోగ్రఫీ పాఠాల్లో "గోల్డెన్ అవర్" అన్న మాట తరచూ వినిపిస్తుంది. సూర్యుడు దిగంతానికి 4 డిగ్రీలు దిగువన ఉన్నప్పటి నుంచి 6 డిగ్రీల ఎత్తుకు వచ్చేదాకా గల వేళను చాలామంది ఆ పేరుతో పిలుస్తారు. దానికి ముందు, 6 నుంచి 4 డిగ్రీల దిగువన ఉన్న కాసేపు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. దానిని "బ్లూ అవర్" అంటారు. ఈ హద్దుల మీద అందరికీ ఏకాభిప్రాయం లేదు గానీ లెక్కకు ఇవి చాలు.

ఆ పేర్లలోని గంట చల్లని ఉత్తర దేశాల అనుభవం నుంచి వచ్చినది. అక్కడ సూర్యుడు దిగంతాన్ని ఏటవాలుగా, ఒరుసుకుంటూ ఎక్కుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. మార్చిలో డెల్టా మీద సూర్యుడు గంటకు సుమారు 14.3 డిగ్రీల ఎత్తు ఎక్కుతాడు. పై హద్దుల మధ్య ఉన్న 10 డిగ్రీలు దాటడానికి 42 నిమిషాలు చాలు. బింబం కనిపించినప్పటి నుంచి లెక్కిస్తే దక్కేది పాతిక నిమిషాలే. జూన్, డిసెంబరుల్లో దారి కాస్త వాలుతుంది కనుక 46 నిమిషాల దాకా సాగుతుంది. నీలి వేళ ఎనిమిది తొమ్మిది నిమిషాల్లో ముగుస్తుంది. 52 డిగ్రీల అక్షాంశంలో, అంటే దాదాపు లండన్ అంత ఉత్తరాన, మార్చిలో ఆ 10 డిగ్రీలకు 65 నిమిషాలు పడుతుంది. విదేశీ వీడియోలు చూసి "ఇంకా గంట ఉంది కదా" అనుకుని రేవులో టీ తాగుతూ నిలబడిన మనిషికి గ్లాసు ఖాళీ అయ్యేలోగా వెలుగు మారిపోవడానికి కారణం ఇదే.

గడియారానికీ సూర్యుడికీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కొద్దిగా తూర్పున పోతుంది. అందువల్ల దేశంలో చాలా ప్రాంతాలకన్నా మన గడియారం సూర్యుడికి దగ్గరగా నడుస్తుంది. అయినా భూమి కక్ష్య, అక్షం వాలు కారణంగా సూర్యుడు మిట్టకు వచ్చే సమయం నవంబరు మొదట్లో 11.45 గంటలకూ, ఫిబ్రవరి మధ్యలో 12.15 గంటలకూ మధ్య ఊగుతుంది. దీని ఫలితం వింతగా ఉంటుంది. ఏడాదిలో అన్నిటికన్నా చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వచ్చినా, అన్నిటికన్నా తొందరగా పొద్దుగుంకేది నవంబరు చివరి వారంలో, కాకినాడలో సుమారు 5.25 గంటలకు, అన్నిటికన్నా ఆలస్యంగా పొద్దు పొడిచేది జనవరి చివర్లో, సుమారు 6.34 గంటలకు.

గాలిలోని చెమ్మ, ఉప్పు, మంచు

సూర్యుడి ఎత్తు ఒక్కటే రంగును నిర్ణయిస్తే, ఒకే ఎత్తు ఉన్న అక్టోబరు సాయంత్రమూ ఫిబ్రవరి సాయంత్రమూ ఒకేలా ఉండాలి. అవి ఒకేలా ఉండవు. తేడా అంతా నడుమ ఉన్న గాలిది.

వెలుతురు గాలిలోని అణువులను తాకి చెదురుతుంది. అలల పొడవు తగ్గేకొద్దీ ఈ చెదురుడు చాలా వేగంగా పెరుగుతుంది: 400 నానోమీటర్ల ఊదా కాంతి 700 నానోమీటర్ల ఎరుపు కన్నా తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ చెదురుతుంది. నడినెత్తి సూర్యుడి కాంతి దాటే గాలి మందాన్ని ఒకటి అనుకుంటే, 30 డిగ్రీల ఎత్తులో అది రెండు, 6 డిగ్రీల ఎత్తులో సుమారు తొమ్మిది, దిగంతం దగ్గర దాదాపు 38. దారిలో నీలం అంతా పక్కలకు చెదిరిపోయి, మన దాకా ఎరుపూ పసుపూ మిగులుతాయి. ఇది శుభ్రమైన గాలి కథ.

డెల్టా గాలి అంత శుభ్రంగా ఉండడం అరుదు. అలలు విరిగినప్పుడు లేచిన ఉప్పు రేణువులు సముద్రపు గాలితో లోపలికి వస్తాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ రేణువులు నీటిని పీల్చుకుని చిన్న బిందువులుగా ఉబ్బుతాయి. ఇంత పెద్దవైన బిందువులు ఏ రంగునూ ప్రత్యేకించి చెదరగొట్టవు. అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందువల్ల ఆకాశం తెల్లబారుతుంది, దూరం మసకబారుతుంది. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో కాకినాడ ఒడ్డున తెల్లవారితే సూర్యుడు చాలాసార్లు దిగంతం మీద కనిపించడు. కాస్త పైకి వచ్చాక, పలచని పాలలో పడ్డ నాణెంలా తేలతాడు. అప్పటికి ఎరుపు వేళ దాటిపోయి ఉంటుంది.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చాక వాన గాలిని కడుగుతుంది. వాన వెలిసిన గంటలో డెల్టా మీద దృష్టి ఎంత దూరం పోతుందో చూసినవారికే తెలుసు. కొబ్బరాకు ఒక్కొక్క ఈనె విడివిడిగా కనిపిస్తుంది, ఆకుపచ్చ తడిసి ముదురుతుంది. వానాకాలాన్ని ఫొటోలకు పనికిరాని కాలమని చాలామంది పక్కన పెడతారు. నాకు మాత్రం మబ్బు పట్టిన జూలై పగలే మడ అడవికి సరైన వెలుతురుగా తోస్తుంది. కోరింగ అభయారణ్యం ఆకులు మెరిసే రకం; ఎండలో ప్రతి ఆకూ ఒక తెల్లచుక్కగా మెరిసి పచ్చదనాన్ని చంపేస్తుంది. మబ్బు ఆకాశం మొత్తాన్ని ఒకే దీపంగా మార్చేసరికి ఆకు రంగు ఆకులోనే నిలుస్తుంది.

వానలు తగ్గే అక్టోబరులో, తుపానుకూ తుపానుకూ నడుమ దొరికే తెరిపి రోజుల్లో, సాయంత్రాలు మండుతాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న పలచని మబ్బుకు, నేల మీద మనకు సూర్యుడు గుంకిన తరువాత కూడా సుమారు పావుగంట సేపు ఎండ అందుతూనే ఉంటుంది. ఒక కిలోమీటరు ఎత్తున ఉన్న మబ్బుకు ఆ వరం నాలుగైదు నిమిషాలే. అందుకే కొన్ని సాయంత్రాలు బింబం మునిగిన వెంటనే బూడిదరంగుకు తిరిగి, జనం బండ్లు ఎక్కి వెళ్లిపోయాక ఉన్నట్టుండి ఆకాశమంతా ఎరుపెక్కుతుంది. పై మబ్బు ఉంటే ఇది జరుగుతుంది, లేకపోతే లేదు.

చలికాలపు మంచు పూర్తిగా నేల పుట్టించేది. ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రి నేల తన వేడిని వదిలేస్తుంది; కాలువల మీద, తడి పొలాల మీద ఉన్న చెమ్మగాలి చల్లబడి, మోకాలి ఎత్తు నుంచి చెట్టు ఎత్తు వరకు పొగమంచుగా కూడుకుంటుంది. డెల్టాలో కాలువలూ బోదెలూ ఊరికి ఊరికీ అల్లుకుపోయి ఉండడం వల్ల ఈ మంచుకు ఇక్కడ కొరత లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా ఇది వస్తూ పోతూ ఉంటుంది.

ఆ మంచులో ఒక ఉదయం చూసినది ఇక్కడ చెబుతాను, ఎందుకంటే రంగుల తగవుకు అంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. జనవరిలో, అమలాపురం వైపు పోయే ఒక కాలువ గట్టు మీద, ఏడు దాటిన వేళ నిలబడి ఉన్నాను. తూర్పుకు తిరిగితే సూర్యుడు మంచు వెనక ఉన్నాడు; తెర అంతా పసుపు వెలుగుతో నిండి, కొబ్బరి మానుల అంచులు తీగెలు చుట్టినట్టు మెరుస్తున్నాయి, గట్టు మీది గడ్డిలో సాలెగూడు ఒకటి నీటిబొట్లతో బంగారు పూసల హారంలా వేలాడుతోంది. వెనక్కి, పడమరకు తిరిగితే అదే మంచు సీసం రంగులో ఉంది, అదే రకం సాలెగూడు తెల్లటి నూలు చిక్కులా ఉంది. నీటిబిందువులు కాంతిని ప్రధానంగా అది పోయే దిక్కుగానే, ముందుకే, చెదరగొడతాయి. అందుకే సూర్యుడికి ఎదురుగా చూసినవారికి మంచు వెలుగుతుంది, వీపు పెట్టినవారికి వెలగదు. ఒకే గట్టు మీద వీపు వీపు ఆనించి నిలబడిన ఇద్దరు ఒకే నిమిషంలో తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే, అవి ఒకే ఉదయానివని నమ్మేవారు తక్కువ.

కింద పరిచిన అద్దం: మడి, ఏరు, బురద

వెలుతురు పైనుంచి మాత్రమే రాదు. డెల్టా చదును, చూపు ఎటు పోయినా ఫొటోలో సగం నేలే, ఆ నేలలో చాలా భాగం నీరే. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు నవంబరు, డిసెంబరుల్లో ముగిసి, దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులకు మళ్లీ దమ్ము చేసి నీరు పెట్టినప్పుడు, మడులన్నీ గట్ల చట్రాల్లో బిగించిన అద్దాలవుతాయి. నాటిన మూడు నాలుగు వారాలకే పైరు కమ్ముకుని ఆ అద్దాలు మూసుకుపోతాయి. ఆకాశం రెండుసార్లు కనిపించే ఆ పొలాల ఫొటోలకు ఏడాదిలో ఉన్న గడువు ఆ కొద్ది వారాలే. ఏప్రిల్‌లో దాళ్వా పండి పొలం ఇత్తడి రంగుకు తిరుగుతుంది.

నది రంగు కూడా నెలనుబట్టి మారుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద గోదావరి ఎర్రమట్టి నీరు. మట్టి కలిసిన నీరు కాంతిని లోపలికి పోనివ్వక తన రంగుతోనే వెనక్కి పంపుతుంది, కనుక ఎంత నీలి ఆకాశం ఉన్నా నది గోధుమరంగులోనే ఉంటుంది. చలికాలానికి ధవళేశ్వరం ఆనకట్ట దిగువన పాయల్లో ప్రవాహం తగ్గి, మట్టి అడుగున దిగి, నీరు తేరుకుంటుంది. అప్పుడు అది ఆకాశం రంగును పట్టుకుంటుంది. నీలి గోదావరి, ఎర్ర గోదావరి రెండూ నిజమైన గోదావరులే, వాటి నెలలు వేరు.

కోరింగ మడ అడవిలో ఈ పనిని పోటూ పాటూ ఆరేసి గంటలకు ఒకసారి చేస్తాయి. పాటు సమయంలో శ్వాస వేర్లు బురదలోంచి మేకుల్లా పొడుచుకు వచ్చి, తడి బురద మీద ఆకాశం వెండిలా పరుచుకుంటుంది. పోటు వచ్చేసరికి వేర్లూ బురదా మునిగి, చెట్లు నీటిలోంచే మొలిచినట్టుంటాయి. ఉదయం పడవలో వెళ్లి చూసిన మనిషికీ, సాయంత్రం చెక్కవంతెన మీద నడిచిన మనిషికీ రెండు వేర్వేరు అడవులు చూపించగల చోటు అది.

పాపికొండల్లో ఆలస్యంగా వచ్చే ఎండ

డెల్టాకు ఎగువన, నది తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చే పాపికొండల్లో మరో సంగతి ఉంది. నది మీద పడవలో ఉన్నవారికి కొండ అంచు దిగంతానికి 15 డిగ్రీల ఎత్తున కనిపిస్తోందనుకుందాం. సూర్యుడు అంత ఎత్తుకు రావడానికి మార్చిలో గంటకు పైగా పడుతుంది. అప్పటికి కాంతి దాటే గాలి మందం నాలుగు లోపుకు పడిపోయి, ఎరుపంతా పోయి ఉంటుంది. లోయలోకి మొదట పడే ఎండే తెల్లటి ఎండ. దానికి ముందు గంటసేపు లోయను వెలిగించేది ఆకాశపు నీలి కాంతి ఒక్కటే. పాపికొండల ఉదయపు ఫొటోలు నీలంగా, తీరపు ఉదయాలు ఎర్రగా ఉండడంలో ఎవరి చేతివాటమూ లేదు. మారేడుమిల్లి పైనున్న గుడిస కొండ మీద, అడ్డం ఏమీ లేని చోట, మళ్లీ ఎర్రటి ఉదయమే దొరుకుతుంది. మంచు కిందున్న లోయల్లోనే ఆగిపోయి, చూసేవారు దానికి పైన ఉంటారు.

కెమెరా తనంతట తాను చేసే మార్పులు

మన కళ్లు రంగును కొలవవు, సర్దుకుంటాయి. తెల్లకాగితం దీపం కింద పసుపుగా, చెట్టునీడలో నీలంగా ఉన్నా మనకు తెల్లగానే తోస్తుంది. కెమెరాలో ఈ సర్దుబాటును వైట్ బ్యాలెన్స్ అంటారు. కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు: మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, సంధ్య వేళ ఎండ 3000 ప్రాంతం, నీడ 7000 పైన. ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పని ఎక్కువగా ఉన్న రంగును తగ్గించి తటస్థానికి తేవడం. అది ఇంట్లో మేలు, రేవులో కీడు: ఎర్రటి సంధ్యను "పొరపాటు"గా భావించి తెల్లబరుస్తుంది. తన ఫొటోలో రంగు చచ్చిపోయిందని చెప్పే మనిషి కెమెరా ఏమీ చేయలేదనుకుంటాడు. నిజానికి చేసింది, తీసేసింది. దాన్ని తిరిగి తెచ్చినవారిని రంగు కలిపారని అనడం ఎంతవరకు న్యాయమో ఇక్కడే ఆలోచించాలి.

వెలుగు పాళ్లను కొలిచే ఎక్స్‌పోజర్ మీటరు సంగతీ అంతే. దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగు అన్న ఊహ మీద అది నడుస్తుంది. తెల్లటి మంచు నిండిన కాలువను చూపిస్తే, అది ఎక్కువ వెలుగనుకుని తగ్గించి, మంచును మురికినీటి రంగుకు దించుతుంది. ఒక స్టాప్, అంటే రెట్టింపు కాంతి, పెంచితే మంచు మంచులా ఉంటుంది. పెంచిన ఫొటో కళ్లకు కనిపించినదానికి దగ్గర, పెంచనిది మీటరు ఊహకు దగ్గర.

ఫోన్లలో ఇది మరింత ముందుకు పోయింది. ఒక్కసారి నొక్కితే అవి వేర్వేరు వెలుగుల్లో అనేక ఫ్రేములు తీసి కలుపుతాయి. నీడలను ఎత్తుతాయి, ఆకాశాన్ని దించుతాయి, ఆకుపచ్చకు ముదురు పూస్తాయి. "ఫోనులోంచి వచ్చింది వచ్చినట్టే పెట్టాను" అన్న మాట అందువల్ల "దిద్దలేదు" అన్న మాటకు సమానం కాదు. దిద్దుబాటు ఫోను తయారుచేసినవారు ముందే చేసి పెట్టారు.

అలలను పాలనురుగులా చూపించే ఫొటోల మీదా ఇదే సందేహం వస్తుంది. వేకువలో సెకనులో ఎనిమిదో వంతు సమయం చాలిన చోట, కాంతిని 64వ వంతుకు తగ్గించే నల్ల అద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్, పెడితే షట్టర్ 8 సెకన్లు తెరిచి ఉంచవలసి వస్తుంది. ఆ 8 సెకన్లలో వచ్చిపోయిన అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. కన్ను ఆ దృశ్యాన్ని ఎన్నడూ చూడదు, కానీ అందులో జరగనిది ఏదీ లేదు.

దిద్దుబాటు ఎంతవరకు: ఎవరి వాదన ఏమిటి

ఫొటో సాక్ష్యం అని నమ్మేవారి వాదన సూటిగా ఉంటుంది: చూసేవాడు ఆ చోటు అలా ఉందని నమ్ముతాడు కాబట్టి, ఆ నమ్మకాన్ని కాపాడాలి. అంతర్జాతీయ పోటీల్లో ప్రకృతి విభాగానికి ఫియాప్ (ఫొటోగ్రఫీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా పెట్టిన నిర్వచనం ఈ వైపే ఉంది. వెలుగునూ రంగునూ సహజత్వం చెడకుండా సర్దవచ్చు గానీ, అంచులు కత్తిరించడం మినహా దృశ్యంలోని వస్తువులను చేర్చడం, తీసేయడం, జరపడం కుదరదు.

ఫొటో కూడా ఒక కళే అనేవారు రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావును తలుస్తారు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆయన కుంచె పట్టిన రంగును ఎవరూ కొలబద్దతో పరీక్షించలేదు కదా, మాకెందుకీ పరీక్ష అన్నది వారి ప్రశ్న. దీనికి ఎదురు సమాధానం, కుంచెతో వేసినదాన్ని ఎవరూ సాక్ష్యమనుకోరు, ఫొటోను అనుకుంటారు అన్నది. రెండు మాటల్లోనూ బలం ఉంది.

మూడో పక్షం పడవల మీద, బసల మీద బతికేవారిది. ముదురు రంగుల ఫొటో మనుషుల్ని రప్పిస్తుంది. వచ్చినవారు నిరాశపడితే ఆ కోపం పడవవాడి మీద పడుతుంది. వారికి కావలసింది దిద్దని ఫొటో కన్నా, ఏ నెలలో తీశారో చెప్పే ఫొటో. ఈ మాటను వాదనల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం నన్ను బాధిస్తుంది.

నా మటుకు రంగు సర్దడానికీ ఆకాశం మార్చడానికీ నడుమ గీత స్పష్టంగానే కనిపిస్తుంది. కెమెరా తీసేసిన ఎరుపును తిరిగి తేవడం ఒకటి. జూన్ సాయంత్రం అంతర్వేది సముద్రం మీద సూర్యుడిని అతికించడం వేరొకటి. రెండోది జరిగిందో లేదో పైన చెప్పిన దిక్కుల లెక్కతోనే పట్టుకోవచ్చు. కృత్రిమ మేధతో పుట్టించిన కోనసీమ బొమ్మలు ఈ పరీక్షలోనే తరచూ దొరికిపోతాయి: నీడ ఒక దిక్కుకు, సూర్యుడు వేరే దిక్కున.

దిద్దకుండానే తప్పు చెప్పగల ఫొటో: ఉప్పాడ

ఉప్పాడ తీరాన్ని సముద్రం కొన్ని దశాబ్దాలుగా కోస్తోంది. ఇళ్లూ, రోడ్డూ అలల పాలవుతున్నాయి. అందువల్ల అక్కడి తీరపు ఫొటో అందం కోసం తీసినదైనా, రేపు ఒడ్డు ఎక్కడుండేదో చెప్పే రుజువుగా వాడుకునే అవకాశం ఉంది. రంగు ఎంత ముదిరినా ఈ రుజువుకు నష్టం లేదు. నష్టం వేరే చోట ఉంది.

వాలు తక్కువగా ఉన్న ఒక ఇసుక ఒడ్డును తీసుకుందాం. 50 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరిగే వాలు. పోటుకూ పాటుకూ నీటి మట్టంలో ఒక మీటరు తేడా ఉంటే, నీటి అంచు 50 మీటర్లు వెనక్కీ ముందుకూ జరుగుతుంది. అమావాస్యకూ పున్నమికీ ఆ తేడా ఎక్కువ, అష్టమి దాటిన రోజుల్లో తక్కువ. పైగా ఒక చోట అమావాస్య, పున్నముల పోటు ఏ మాసంలోనైనా దాదాపు ఒకే గడియకు వస్తుంది. కాబట్టి ఎప్పుడూ పున్నమినాడే, ఒకే గంటకు వెళ్లి తీసే అలవాటున్నవారి ఫొటోలన్నింటిలో ఒడ్డు ఒకే తీరుగా, నిండుగానో బోసిగానో కనిపిస్తుంది. ఒక ఏడాది, నీరు వెనక్కి తీసిన పాటు వేళలో తీసిన ఫొటో పక్కన మరుసటి ఏడాది పున్నమి పోటు వేళ తీసినది పెడితే, ఒడ్డు 50 మీటర్లు కోసుకుపోయినట్టుంటుంది. వరుస మార్చి పెడితే, పోయిన ఇసుక తిరిగొచ్చినట్టుంటుంది.

రెండింటిలోనూ ఎవరూ ఒక్క చుక్క రంగు కూడా మార్చి ఉండరు. ఫొటో కింద తేదీతోపాటు గంట రాసి ఉంటే ఆనాటి తిథిని బట్టి నీటి మట్టాన్ని లెక్కగట్టి, ఆ 50 మీటర్లలో సముద్రం కోసింది ఎంత, పోటు కప్పింది ఎంత అని విడదీయవచ్చు. గంట లేకపోతే విడదీయలేము.